సైనిక గోడ లోపల పోలీసులకు పని ఉందా?

చెన్నైలో రాయపురం నుంచి రైలు పట్టాల వెంట దక్షిణానికి వస్తే బీచ్ స్టేషను, అది దాటితే ఫోర్ట్. అక్కడి జార్జి కోటలో ఒకే ప్రాకారం లోపల తమిళనాడు శాసనసభ, సచివాలయం, సైన్యం కార్యాలయాలు ఉన్నాయి. దగ్గర్లోని ఐలాండ్ గ్రౌండ్స్ వైపు సైనికాధికారుల క్వార్టర్లు, వాటి గోడకు ఇవతల పేదల ఇళ్లు. ఇలాంటి చోట్ల ఒక నమ్మకం పాతుకుపోయి ఉంటుంది: గోడ లోపల ఏం జరిగినా అది మిలిటరీ వ్యవహారం, మన పోలీసులు అడుగుపెట్టలేరు అని. ఇది నిజం కాదు. కాదని తేల్చిన కేసు అక్కడే జరిగింది.

2011 జులై 3, ఆదివారం. పదమూడేళ్ల బాలుడొకడు బాదం కాయల కోసం స్నేహితులతో కలిసి ఆ క్వార్టర్ల ఆవరణలోకి వెళ్లాడు. తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. కేసు తమిళనాడు పోలీసుల నేర పరిశోధన విభాగం, సీబీసీఐడీ, చేతికి వచ్చింది. సైనిక ఆవరణలో దర్యాప్తు చేసింది వాళ్లే. అక్కడే నివసిస్తున్న, అప్పటికే పదవీ విరమణ చేసిన ఒక లెఫ్టినెంట్ కర్నల్‌ను అరెస్టు చేశారు. కూవం నదిలో పడేసిన తుపాకీని వెతికించి బయటికి తీయించారు. 2012లో చెన్నై ఫాస్ట్ ట్రాక్ కోర్టు ఆయనకు యావజ్జీవ శిక్ష వేసింది. కోర్టు మార్షల్ కాదు, మామూలు సెషన్స్ విచారణే.

నిందితుడు రిటైరైనవాడు కాబట్టి అలా జరిగిందా? అప్పటికి ఆయన సైనిక చట్టం పరిధిలో లేని మాట నిజమే. కానీ ఉద్యోగంలో ఉన్నా దారి అదే. 1950 నాటి సైనిక చట్టం సెక్షన్ 70 ఏమంటుందంటే, సైనికుడు ఒక పౌరుణ్ణి హత్య చేసినా, పౌరురాలిపై అత్యాచారం చేసినా కోర్టు మార్షల్ జరపకూడదు, సాధారణ కోర్టుకే పంపాలి. మినహాయింపులు మూడే: యుద్ధ విధుల్లో ఉన్నప్పుడు, దేశం బయట ఉన్నప్పుడు, ప్రభుత్వం ప్రకటించిన సరిహద్దు స్థావరంలో ఉన్నప్పుడు. చెన్నై నగరం నడిబొడ్డున ఈ మూడింటిలో ఏదీ మామూలుగా వర్తించదు.

దొంగతనం, కొట్లాట వంటి ఇతర నేరాల్లో లెక్క వేరు. వాటిని కోర్టు మార్షలూ విచారించవచ్చు, సాధారణ కోర్టూ విచారించవచ్చు. ఎటు పంపాలో ముందు సైనికాధికారి నిర్ణయిస్తాడు. మెజిస్ట్రేటు ఒప్పుకోకపోతే ఆ తగువు కేంద్ర ప్రభుత్వం ముందుకు వెళుతుంది. ఇక్కడ బాధితుడి మాటకు చోటు తక్కువ. నా దృష్టిలో ఈ చట్టంలోని బలహీనత ఇదే.

మరి గేటు దగ్గర కాపలా ఉండేవాళ్ల అధికారం ఎంత? సైనిక స్థావరాలు చాలావాటికి మాజీ సైనికులతో నడిచే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ కాపలా కాస్తుంది. ఎర్ర టోపీల మిలిటరీ పోలీసుల పని ముఖ్యంగా సైనికుల క్రమశిక్షణ చూడటం. అనుమతి లేకుండా లోపలికి వచ్చిన పౌరుణ్ణి ఆపవచ్చు, ప్రశ్నించవచ్చు, తర్వాత స్థానిక పోలీసులకు అప్పగించాలి. రక్షణ రహస్యాలున్న నిషిద్ధ స్థలమైతే 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద కేసు పెట్టవచ్చు, అది చిన్న కేసేం కాదు. అయినా దాన్నీ నడిపేది సాధారణ కోర్టే.

కాల్చే హక్కు గురించి స్పష్టంగా చెప్పుకోవాలి. ఆస్తిని కాపాడుకోవడానికి ప్రాణం తీసే హక్కును భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 41 కొన్నిటికే పరిమితం చేసింది: దోపిడీ, రాత్రిపూట ఇంటికి కన్నం, నిప్పు పెట్టడం, ప్రాణభయం కలిగించే దొంగతనం వంటివి. పాత శిక్షాస్మృతిలోనూ దాదాపు ఇంతే. చెట్టు కింద కాయలు ఏరుకునే పిల్లవాడు ఆ జాబితాలో ఎక్కడా లేడు. గోడ మీద ఎంత పెద్ద అక్షరాలతో హెచ్చరిక రాసినా, రాత వల్ల కొత్త అధికారం పుట్టదు.

విధి నిర్వహణలో చేసిన పనికి సైనికుణ్ణి అరెస్టు చేయాలంటే కేంద్రం అనుమతి కావాలన్నది నిజమే. ఆ రక్షణ విధికి మాత్రమే, సొంత కోపానికి కాదు.

కాబట్టి అలాంటి ఆవరణలో మనవాళ్లకు ఏదైనా జరిగితే గేటు దగ్గర బతిమాలుతూ నిలబడనక్కర్లేదు. దగ్గరున్న పోలీస్ స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు ఇవ్వవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం, నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఆ స్టేషను వాళ్లు ఫిర్యాదు రాసుకోవాలి. కాపీ ఉచితంగా చేతికివ్వాలి.