ఊరి మ్యూజియం, దాని రిజిస్టరు

రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ మ్యూజియానికి రాళ్లబండి సుబ్బారావు గారి పేరు పెట్టారు. ఆ పేరు వెనక 1922లో పుట్టిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఉంది. అందులో పనిచేసినవాళ్లు పాఠాలు చెప్పుకునేవాళ్లు, వకీళ్లు, పండితులు. తీరిక దొరికినప్పుడల్లా శాసనాలు, రాగిరేకులు, నాణేలు వెతికారు. చదివినదాన్ని 1926 నుంచి సొంత పత్రికలో అచ్చువేశారు. హైదరాబాదులో ఆదిరాజు వీరభద్రరావు గారు, ఆయన మిత్రులు లక్ష్మణరాయ పరిశోధక మండలి తరఫున ఇదే బాటలో నడిచి 1935లో తెలంగాణా శాసనాలను పుస్తకంగా తెచ్చారు. కడపలో సి.పి. బ్రౌన్ బంగళా ఉన్న చోటే ఆయన పేర గ్రంథాలయం నిలబెట్టడానికి జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ల తరబడి తిరిగారు. అది తరువాత యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగమైంది.

వీళ్లు జీతానికి చేసిన పని కాదు ఇది. అయినా ఇన్నేళ్ల తరువాత మనకు పనికొస్తోంది. ఆ శాసనాల్లో కొన్ని రాళ్లు అరిగిపోయి ఉండవచ్చు, కొన్ని చోటు మారి ఉండవచ్చు. ఏ ఊళ్లో, ఏ గుడి దగ్గర, ఏ రాయి మీద ఏముందో కాగితం మీద పెట్టారు కనుక ఆ సమాచారం మిగిలింది. ఊరి మ్యూజియం పెట్టాలనుకునేవాళ్లు ముందుగా నేర్చుకోవలసింది ఈ అలవాటే అని నా నమ్మకం.

ఇప్పుడు చాలా ఊళ్లలో ఆ కోరిక కనిపిస్తోంది. మూతపడిన బడి గదో, పాత పంచాయతీ ఆఫీసో దొరుకుతుంది. రిటైరైన మాస్టార్లు, కాలేజీ పిల్లలు, ఊరంటే అభిమానం ఉన్న నలుగురు చేరతారు. తిరగళ్లు, రోకళ్లు, ఇత్తడి బిందెలు, లాంతర్లు, వాల్వు రేడియోలు, పెళ్లి ఫొటోలు వచ్చిపడతాయి. మొదటి ఏడాదిలోనే గది నిండిపోతుంది. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. గోడకు ఆనించిన నాలుగు తిరగళ్లలో ఏది ఎవరిదో చెప్పగలిగే మనిషి ఒక్కరే ఉంటారు. ఆయన మంచానపడితే ఆ నాలుగూ ఉత్త రాళ్లే.

మా ఊరి గదికి ఒక మామ్మగారు కుంచం తెచ్చిన రోజు నాకు ఈ సంగతి బాగా బోధపడింది. ఇనప కుంచం, అంచుకు ఇత్తడి పట్టీ. మాకు ఇస్తున్నానన్న అభిమానంతో ఆవిడ ముందురోజు దాన్ని చింతపండు పెట్టి మెరిసేలా తోమించారు. పట్టీ మీద ఏదో ముద్ర ఉండేదట. అది ఇప్పుడు వేలికి తగులుతుంది గానీ కంటికి ఆనదు. మేం దాన్ని తిప్పి చూస్తుంటే ఆవిడ మాట్లాడుతూ పోయారు. కళ్లంలో ధాన్యం కొలిచింది దీంతోనేనట. కొలిచేటప్పుడు "ఒకటి" అనకుండా "లాభం" అనేవారట. ఇంట్లో ఇంకో కుంచం కూడా ఉండేదట, చూడ్డానికి ఇలాగే ఉంటుంది, కాస్త తక్కువ పడుతుంది. కూలివాళ్లకు గింజలు ఇచ్చేది దానితోనట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు తగ్గించారు.

ఆవిడ తెచ్చిన కుంచం లాంటివి జిల్లాలో వందలు ఉంటాయి. ఆవిడ చెప్పిన మాట మాత్రం ఒక్కటే ఉంది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం అని లెక్కల పుస్తకం చెబుతుంది. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చాక ఇవి నెమ్మదిగా వాడుక తప్పాయని కూడా ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఒకే ఇంట్లో రెండు కుంచాలు ఎందుకున్నాయో మామ్మగారే చెప్పాలి. అందుకని కుంచాన్ని బల్ల మీద పెట్టేలోపే రిజిస్టరు తెరిచి ఆవిడ మాటల్ని ఆవిడ మాటల్లోనే రాసుకున్నాం. చివర "దాత చెప్పిన ప్రకారం" అని చేర్చాం. ఈ మూడు పదాలు చేర్చడం చాలా అవసరం. రేపు ఎవరైనా ఆ రెండో కుంచం తెచ్చి కొలిచి చూస్తే నిజమో కాదో తేలుతుంది. అంతవరకు అది ఒక సాక్ష్యం, తీర్పు కాదు.

రిజిస్టరంటే ఖరీదైనదేమీ అక్కర్లేదు. గట్టి అట్ట, కుట్టు బైండింగు, పేజీలకు ముందే అచ్చువేసిన అంకెలు ఉంటే చాలు. విడి కాగితాల ఫైలైతే ఒక కాగితం జారిపోయినా ఎవరికీ తెలియదు. ప్రతి వస్తువుకూ ఒక నంబరు. 2023.14.2 అంటే 2023లో పద్నాలుగో దాత ఇచ్చినవాటిలో రెండోది. ఆ నంబరు ఎదురుగా వస్తువు పేరు, ఊళ్లో దాన్ని పిలిచే పేరు, కొలతలు, ఎవరిచ్చారు, వాళ్లకెలా వచ్చింది, ఏ స్థితిలో ఉంది, ఇప్పుడు ఏ అరలో ఉంది అన్నవి రాయాలి. పక్కనే ఒక ఫొటో. కంప్యూటర్లో ఎక్కించడం మంచిదే, వెతకడం తేలికవుతుంది. పుస్తకంలో రాయడం మాత్రం మానకూడదు. పాస్‌వర్డు తెలిసిన కుర్రాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయినా పుస్తకం బీరువాలోనే ఉంటుంది.

నంబరు వస్తువు మీద కూడా ఉండాలి, అవసరమైతే తుడిచేయగలిగేలా ఉండాలి. ఇత్తడి, రాయి, కర్ర వంటివాటికి కనబడని చోట పారలాయిడ్ బి-72 అనే పారదర్శకమైన పూత వేసి, ఆరాక దాని మీద నల్ల సిరాతో రాసి, పైన మరో పూత వేస్తారు. అసిటోన్‌తో తుడిస్తే పోతుంది. చీర అయితే నూలు నాడా మీద రాసి అంచుకు రెండు కుట్లు వేయాలి. కాగితమైతే వెనక మూలన మెత్తని పెన్సిలుతో. తాళపత్రం మీద అసలు రాయకూడదు, కట్టిన తాడుకు చీటీ తగిలిస్తే సరిపోతుంది.

వస్తువులకు ఎక్కువ నష్టం అభిమానం వల్లే జరుగుతుంది. తోమిన ఇత్తడి సంగతి చెప్పాను. దస్తావేజులను పాడవకుండా ఉంటాయని లామినేషన్ చేయిస్తారు. ఆ ప్లాస్టిక్ వేడికి కాగితంలోకి దిగిపోతుంది, మళ్లీ తీయడం కుదరదు. చినిగిన పేజీకి సెల్లోటేపు అంటిస్తారు. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, జిగురు పసుపు మరకై మిగులుతుంది. తాటాకు గ్రంథాలను ఎండలో పెడితే పెళుసెక్కుతాయి. వాటికి మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె పలచగా రాసి, రెండు చెక్కల మధ్య పెట్టి నూలుగుడ్డలో చుట్టడం చాలాకాలంగా చేస్తున్న పద్ధతి. రంగు బొమ్మలున్న గ్రంథాలైతే తెలిసినవాళ్లకు చూపించకుండా నూనె ముట్టించకూడదు.

పురుగు పట్టిన పుస్తకాలకు ఒక దారి ఉంది, పెద్ద ఖర్చు కూడా కాదు. పుస్తకాన్ని పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి వీలైనంత తీసేసి, నోరు గట్టిగా మూసి, మైనస్ 20 డిగ్రీలు అందుకునే ఐస్‌క్రీమ్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచాలి. పురుగులూ గుడ్లూ చస్తాయి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు. విప్పితే గాలిలోని తేమ చల్లటి పేజీల మీద నీరై చేరుతుంది. మందులు చల్లితే వాటిని పీల్చేది అక్కడ కూర్చునే వాలంటీర్లే కదా. చెదలకు మాత్రం ఇది పనిచేయదు, వాటి పుట్ట నేలలోనో గోడలోనో ఉంటుంది. బీరువాలు స్టీలువి పెట్టుకుని, నేలకు జానెడు ఎత్తులో, గోడకు జానెడు ఎడంగా నిలబెట్టి, వారానికోసారి టార్చిలైటు వేసి వెనక చూడటమే మార్గం. విదేశాల్లో ఉన్న మనవాళ్లు డబ్బు పంపుతామంటే ద్వారానికి పాలరాయి ఫలకం కంటే ఈ బీరువాలే అడగాలి.

చట్టం సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పాలు, నాణేలు, కళాఖండాలు పురావస్తువులే. చారిత్రక విలువ ఉన్న రాతప్రతులకైతే 75 ఏళ్లు. వీటిలో కొన్ని రకాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. ఇక పొలం దున్నుతుంటే కుండ బయటపడి అందులో నాణేలుంటే, 1878 నాటి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పది రూపాయల విలువ దాటినది ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. రైతు దాన్ని నేరుగా మ్యూజియానికి తెస్తే పుచ్చుకోకుండా తహసీల్దారు ఆఫీసుకు తోడు వెళ్లడమే మనం చేయగల మేలు. గుడి విగ్రహం ఎంత చిన్నదైనా, ఎంత పాడుపడినదైనా, తెచ్చినవాళ్లు ఎంత పెద్దవాళ్లైనా తీసుకోకూడదు.

ఇచ్చేవాళ్ల దగ్గర ఒక కాగితం రాయించుకోవడానికి మనకు మొహమాటం. ఊళ్లో అందరూ బాబాయిలూ పిన్నులే, సంతకం అడిగితే నమ్మకం లేదనుకుంటారేమో అని వెనకాడతాం. అడగాలి. శాశ్వతంగా ఇస్తున్నారా, కొన్నాళ్లు చూపించడానికి ఇస్తున్నారా అన్నది స్పష్టంగా రాసుకోకపోతే తాతగారు ఇచ్చిన వీణ కోసం పదేళ్ల తరువాత మనవలు వస్తారు, వాళ్లలో వాళ్లకే మాట కుదరదు. ఫొటోలు, ఉత్తరాలు అయితే స్కాన్ చేసుకుని ఇంటికి తిరిగి ఇచ్చేయడం ఇంకా మేలు. అవి ఇంట్లో ఉన్నన్నాళ్లు వాళ్లకు వాటి మీద శ్రద్ధ ఉంటుంది, మనకు సమాచారం ఉంటుంది.

వద్దనడం కూడా నేర్చుకోవాలి. అయిదో తిరగలి వస్తే దానికి వేరే కథ ఏమైనా ఉందా అని అడగాలి. లేకపోతే మర్యాదగా తిప్పిపంపాలి. అదే సమయంలో గదిలో లేనివేమిటో చూసుకోవాలి. ఊరి మ్యూజియాలు సాధారణంగా పెద్ద లోగిళ్ల సామానుతో నిండుతాయి, ఇవ్వడానికి వస్తువులున్నది వాళ్లకే కనుక. మగ్గం మీద బతికినవాళ్లు, చెప్పులు కుట్టినవాళ్లు, కల్లు గీసినవాళ్లు, కూలికి నాట్లు వేసినవాళ్లు ఆ గదిలో కనబడరు. వాళ్ల వస్తువులు అరిగి విరిగిపోయేదాకా వాడారు, మిగల్లేదు. వాళ్ల దగ్గరకు మనమే వెళ్లి కూర్చుని, ఏ పనికి ఏ పనిముట్టు, దాన్ని ఏమనేవారు, ఎవరు చేసి ఇచ్చేవారు, ఏ పాట పాడుకునేవారు అని రికార్డు చేసుకోవాలి. ఫోను చాలు. వస్తువు దొరకకపోయినా గొంతు దొరుకుతుంది. ఆ కుంచం కొలత ఎంతో తెలియాలంటే కూలి తీసుకున్నవాళ్లనూ అడగాలి కదా.

రోజువారీ నడపడానికి వంతులు వేసుకుంటే చాలు. రోజూ తెరుస్తామని బోర్డు పెట్టి మూసి ఉంచడం కంటే ఆదివారం పొద్దున మూడు గంటలు తప్పకుండా తెరవడం మేలు. అక్కడ ఒక నోటుపుస్తకం, పెన్ను పెట్టాలి. లేబులు తప్పని చెప్పే ముసలివాళ్లు వస్తారు. వాళ్లు చెప్పింది రాయించుకుని రిజిస్టరులో ఆ నంబరు కింద తేదీతో చేర్చాలి. పాత రాత కొట్టేయకూడదు, రెండూ ఉండాలి.

చివరిది, ఎవరూ మొదట్లో మాట్లాడటానికి ఇష్టపడనిది. సొసైటీగా రిజిస్టరు చేయడానికి మన రెండు రాష్ట్రాల్లోనూ కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురూ ఒకే వయసువాళ్లైతే ఒకేసారి ఓపిక తగ్గుతుంది. కనీసం ఇద్దరు ముప్పై లోపువాళ్లు ఉండాలి, బీరువా తాళాలు వాళ్ల చేతికీ ఇవ్వాలి. నిబంధనావళి రాసేటప్పుడే, సంఘం నడవని పరిస్థితి వస్తే ఈ వస్తువులు ఎక్కడికి వెళ్లాలో పేరుతో సహా రాయాలి. జిల్లాలో ఉన్న ప్రభుత్వ మ్యూజియమో, విశ్వవిద్యాలయమో, వాళ్లతో ముందే మాట్లాడి. అలా రాయనిచోట వస్తువులు మొదట ఎవరి ఇంటి అటక మీదికో చేరతాయి, అక్కడి నుంచి పాతసామాను కొట్టుకు వెళ్తాయి. రిజిస్టరుకు ఏటా జెరాక్సు తీసి ఒకటి గ్రంథాలయంలో, ఒకటి బడిలో, ఒకటి ఊరి బయట ఉండే సభ్యుడి ఇంట్లో పెట్టాలి. మేం ఈ పని సంక్రాంతికి చేస్తాం, పై ఊళ్లలో ఉన్నవాళ్లంతా అప్పుడే ఇంటికొస్తారు కనుక. కొత్తగా ఎక్కినవాటిని అందరం కూర్చుని ఒకసారి చదువుతాం. ఈ ఏడు 2023.14.2, అంటే మామ్మగారి కుంచం, దగ్గర ఒక కుర్రాడు ఆపి, ఆ రెండో కుంచం వాళ్ల నాయనమ్మ దగ్గర ఉండవచ్చన్నాడు.