శిరస్సుపై హోదా

సూరత్‌లోని పాండేసరలో ఒక నిర్మాణ స్థలం వద్ద మేము కొద్దిసేపు ఆగాము. ఇంజనీరుగారి తలపై తెల్లని హెల్మెట్, మేస్త్రీ తలపై పసుపుపచ్చనిది. ఇటుకలు మోస్తూ మమ్ములను తెలుగులో పలకరించిన యువకుని తలపై మాత్రం తువ్వాలు చుట్ట! తలను చూచి హోదాను గుర్తించే అలవాటు ఎంత ప్రాచీనమైనదో కదా అనిపించింది.

తిరుమలలోని శ్రీకృష్ణదేవరాయల విగ్రహం పొడవైన కుళ్లాయితో దర్శనమిస్తుంది. నిజాం రాజచిహ్నంలో దస్తారుదే అగ్రస్థానం. ఆంగ్లేయుల వంశచిహ్నాలలో నియమాలు మరింత ఖచ్చితం. రాజుకు ఎదురుగా చూచే బంగారు శిరస్త్రాణం. నైటుకు ముఖకవచం తెరచిన ఉక్కుది. సామాన్య పెద్దమనిషికి ముఖకవచం మూసి, పక్కకు తిరిగినది. కాథలిక్ మతాచార్యులలో కార్డినల్‌కు ఎర్రటోపీ, ఇరువైపులా 15 చొప్పున కుచ్చులు. బిషప్పుకు ఆకుపచ్చ టోపీ, 6 చొప్పున కుచ్చులు.

1950లో మన దేశం గణతంత్రమైన పిమ్మట సైనికాధికారుల భుజచిహ్నాలలో బ్రిటిషు కిరీటం తొలగి అశోకుని సింహాలు వెలిశాయి. కిరీటాలు పోయినవి, తలపై రంగుల తేడాలు మాత్రం మిగిలినవి.

రంగుల ఏర్పాటు తప్పని మేము అనము. పనిచోట ఎవరు ఎవరో తెలియడం అవసరమే. అయితే హెల్మెట్‌పై గల ఐ.ఎస్. 2925 ప్రమాణం చూచేది దెబ్బను తట్టుకొనే శక్తినే గాని, ధరించినవారి హోదాను కాదు. పైనుండి జారిన ఇటుకకూ హోదా తెలియదు. 'శిరస్త్రాణం' అనగా శిరస్సును రక్షించునది. తువ్వాలు చుట్టిన ఆ తలకూ ఒకటి అందిన నాడే ఆ మాట సార్థకమవుతుంది.