క్షయ క్రిమి పెరుగుదల - శరీర కణాలు, హార్మోన్ల పాత్ర

క్షయ క్రిమి శరీరంలో ప్రవేశించిన ప్రతి వ్యక్తీ రోగి కాడు. క్రిమి సోకిన వారిలో జీవితకాలంలో 5 నుంచి 10 శాతం మంది మాత్రమే వ్యాధికి గురవుతారు. మిగిలిన వారిలో అది నిద్రాణ స్థితిలో ఉండిపోతుంది లేదా నశిస్తుంది. ఈ వ్యత్యాసానికి క్రిమి ఒక్కటే కారణం కాదు. అది చేరిన కణమూ, ఆ కణంపై ప్రభావం చూపే హార్మోన్లూ క్రిమి పెరుగుదలను చాలావరకు నిర్ణయిస్తాయి.

కణాన్ని బట్టి పెరుగుదల

1882 మార్చి 24న జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ క్షయ కారక క్రిమిని కనుగొన్నట్లు బెర్లిన్‌లో ప్రకటించారు. అనుకూల పరిస్థితులలో ఈ.కోలై బాక్టీరియా సుమారు 20 నిమిషాలలో రెట్టింపు కాగా, క్షయ క్రిమికి దాదాపు 20 గంటలు పడుతుంది. చికిత్స నెలల తరబడి సాగడానికి ఈ మందగమనం కూడా ఒక కారణం.

గాలి ద్వారా ఊపిరితిత్తులకు చేరిన క్రిమిని అక్కడి మాక్రోఫేజ్ కణాలు మింగివేస్తాయి. అయితే క్రిమి తనను జీర్ణం చేసే ప్రక్రియను అడ్డుకొని, ఆ కణంలోనే వృద్ధి చెందగలదు. గాలి గదులలోని మాక్రోఫేజ్‌లలో క్రిమి సులభంగా పెరుగుతుందనీ, ఊపిరితిత్తుల కణజాలంలోని మాక్రోఫేజ్‌లు దాని పెరుగుదలను నిరోధిస్తాయనీ 2018లో ఎలుకలపై జరిపిన పరిశోధనలో వెల్లడైంది. టి-కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా మాక్రోఫేజ్‌లను మరింత శక్తిమంతం చేస్తుంది.

హార్మోన్ల ప్రభావం

అడ్రినల్ గ్రంథులు స్రవించే కార్టిసాల్ రోగనిరోధక చర్యలను అదుపులో ఉంచుతుంది. దీనిని పోలిన స్టెరాయిడ్ ఔషధాలను అధిక మోతాదులో, దీర్ఘకాలం వాడినప్పుడు నిద్రాణంగా ఉన్న క్షయ తిరగబెట్టే ప్రమాదం ఉంది. అదే స్టెరాయిడ్‌ను క్షయ మందులతో కలిపి ఇచ్చినప్పుడు మెదడు పొరల క్షయ రోగులలో మరణాలు తగ్గినట్లు 2004లో వియత్నాంలో జరిగిన అధ్యయనం నిరూపించింది. మేలైనా కీడైనా వైద్యుని పర్యవేక్షణపైనే ఆధారపడి ఉంటుంది.

ఇన్సులిన్ లోపం లేదా అది సరిగా పనిచేయకపోవడం వల్ల కలిగే మధుమేహం క్షయ వచ్చే అవకాశాన్ని 2 నుంచి 3 రెట్లు పెంచుతుంది. శరీరంలో హార్మోన్‌గా పనిచేసే విటమిన్-డి, మాక్రోఫేజ్‌లలో క్రిమినాశక పదార్థాన్ని ఉత్పత్తి చేయిస్తుందని 2006లో తేలింది. అయినప్పటికీ, మంగోలియాలో 8,851 మంది పిల్లలపై జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో విటమిన్-డి మాత్రల వల్ల క్షయ క్రిమి సోకడం తగ్గలేదు. ప్రయోగశాలలో కనిపించిన ఫలితం ప్రజలలోనూ లభిస్తుందని భావించరాదు.

తీసుకోవలసిన జాగ్రత్తలు

జాతీయ కార్యక్రమం మార్గదర్శకాల మేరకు క్షయ రోగులకు మధుమేహ పరీక్ష, మధుమేహ రోగులలో క్షయ లక్షణాల పరిశీలన తప్పక జరగాలి. నొప్పుల నివారణకు, ఆయాసానికి స్టెరాయిడ్లను సొంతంగా కొని వాడరాదు. వైద్యుని సలహాపై ఇప్పటికే వాడుతున్నవారు వాటిని అకస్మాత్తుగా మానివేయడం కూడా ప్రమాదకరమే. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారు సమీప ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించుకోవాలి. పరీక్షలు, మందులు ఉచితం. ఔషధాలకు లొంగే సాధారణ క్షయకు 6 నెలల చికిత్సను మధ్యలో ఆపకుండా పూర్తి చేస్తే వ్యాధి నయమవుతుంది.