ఆలస్యంగా మొదటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం

మీకు ముప్పై అయిదేళ్లు అనుకోండి. పన్నెండేళ్లుగా ఒక మందుల షాపులో బిల్లులు, సరుకు లెక్కలు చూస్తున్నారు. రాత్రిపూట కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం వెతుకుతున్నారు. కొన్ని ప్రకటనలు ఈ ఏడాది పట్టా పొందినవారినే రమ్మంటాయి. మరికొన్ని రెండేళ్ల అనుభవం అడుగుతాయి. మీరు ఈ రెండింటిలో దేనికీ సరిపోరు. మరి ఏం చేయాలి?

ఏం చేయకూడదో ముందు చూద్దాం. డబ్బు తీసుకుని అనుభవ పత్రం ఇప్పిస్తామనే వారు మీకు తారసపడవచ్చు. వారి మాట నమ్మకండి. భవిష్యనిధి చందాదారులకు 2014 నుండి యు.ఏ.ఎన్. అనే ఒకే శాశ్వత సంఖ్య ఉంది. ఎవరు ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో దాని కింద నమోదవుతుంది. కంపెనీలు దాన్ని సరిచూసుకుంటాయి. అబద్ధం ఉద్యోగంలో చేరాక బయటపడినా ఆ ఉద్యోగం పోతుంది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నదేమిటో చూద్దాం. గడువు దగ్గరపడిన మందుల జాబితా ఇచ్చే చిన్న ప్రోగ్రాము రాయాలనుకున్నారు. మందు పెట్టె మీద గడువు 03/2027 అని ఉంది. తేదీ లేదు. షాపు ముఖం చూడని కుర్రవాడు దాన్ని మార్చి 1గా లెక్క వేయవచ్చు. కానీ ఆ మందును మార్చి 31 వరకు వాడవచ్చని మీకు తెలుసు. ఒకే మందు రెండు బ్యాచ్‌లుగా వస్తే గడువులు వేరువేరుగా ఉంటాయనీ, ముందు ముగిసేదాన్నే ముందు అమ్మాలనీ తెలుసు. ఇవి ప్రోగ్రామింగ్ పుస్తకంలో దొరకవు. అనుభవం అడిగే యజమానికి కావలసింది చాలావరకు ఇలాంటిదే: పని ఎక్కడ చెడుతుందో ముందే పసిగట్టగల మనిషి.

అందుచేత ఆ ప్రోగ్రామునే పూర్తి చేయండి. మీ షాపులోనే నెల రోజులు వాడి చూడండి. ఏ తప్పులు వచ్చాయో, ఎలా సరిదిద్దారో తేదీలతో రాసి, గిట్‌హబ్ వంటి చోట అందరికీ కనిపించేలా పెట్టండి. షాపు ధరలు, కొనుగోలుదారుల పేర్లు మాత్రం అందులో ఉండకూడదు. చదువులో లోటు కనిపిస్తే 2017లో మొదలైన స్వయం కోర్సులున్నాయి. నేర్చుకోవడం ఉచితం, ధ్రువపత్రం కావాలంటే పరీక్షకు రుసుము కట్టాలి.

దరఖాస్తు పెద్ద కంపెనీలతోనే మొదలుపెట్టనక్కరలేదు. షాపులకు, ఆసుపత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న సంస్థలను ముందు అడగండి. అక్కడ ప్రోగ్రామును పరీక్షించే పని, వాడేవారి ఇబ్బందులు తీర్చే పని కూడా ఉంటాయి. మొదట్లో జీతం ఇప్పటికన్నా తగ్గవచ్చు. కాబట్టి ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఇంటర్వ్యూలో "ఇన్నాళ్లూ ఏం చేశారు?" అని తప్పక అడుగుతారు. సంజాయిషీ చెప్పుకోనవసరం లేదు. ఇప్పుడు నోటుపుస్తకం తీసి, మీరు చేస్తున్న పనిలో కొత్తవారు తరచుగా చేసే మూడు పొరపాట్లు రాయండి. వాటిలో ఏది కంప్యూటరుతో ఆపగలరో దాని పక్కన గుర్తు పెట్టండి.