టర్కీ, గినీకోడి పిల్లలలో ప్రేగుజబ్బులు

టర్కీకోడి, గినీకోడి మన దేశమున పుట్టిన పక్షులు కావు. టర్కీ ఉత్తర అమెరికానుండి, గినీకోడి ఆఫ్రికానుండి మానవుని వెంట ఇతర ఖండములకు వ్యాపించినవి. గినీకోడిని తెలుగునాట గిన్నెకోడి అని కూడ పిలుతురు. ఉత్తర ప్రదేశ్‌లో బరేలీ సమీపముననున్న ఇజ్జత్‌నగర్ కేంద్ర పక్షి పరిశోధన సంస్థ మన దేశమునకు అనువైన కాదంబరి, చితాంబరి, శ్వేతాంబరి అను గినీకోడి రకములను రూపొందించినది. పెరిగి పెద్దవైన గినీకోళ్ళు ఎండకు, వానకు ఓర్చుకొని, పురుగుపుట్రలను ఏరుకొని తిని బ్రతుకగలవు. పిల్లలు అట్లు కాదు. గుడ్డునుండి వెలువడిన మొదటి రెండు మాసములు గడచువరకు వాని ప్రాణములకు పూచీ లేదు. చలి, తేమ, ప్రేగులోని పరాన్నభుక్కులు—ఈ మూడును కలిసి వానిని బలిగొనుచుండును.

విజయవాడలోని గుణదల వంటి ప్రదేశమును తీసికొనినచో ఈ మాట సులభముగా బోధపడును. ఒక వైపు కొండ, దిగువను ఏలూరు కాలువ. ఇండ్ల మధ్య ఇరుకైన పెరళ్ళు. జూన్ మాసమునుండి అక్టోబరు వరకు కృష్ణా డెల్టాలో గాలి తేమతో నిండియుండును. వేడిమి 25 మొదలు 35 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఉండును. వరిపైరునకు హితమైన ఈ వాతావరణమే పక్షుల ప్రేగులలోని పరాన్నభుక్కులకును హితమైనది. ఎందువలన హితమైనదో తెలిసికొన్నవారికి వైద్యములో సగభాగము తెలిసినట్లే.

ఊసిస్టు చరిత్ర

ఈ జబ్బులలో మొదట చెప్పదగినది కాక్సిడియోసిస్. దీనిని కలిగించునవి ఐమీరియా అను ఏకకణజీవులు. 1674లో హాలెండు దేశీయుడగు లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినితో కుందేలు పైత్యరసమును పరీక్షించి, అందులో అండాకారముగల సూక్ష్మమైన వస్తువులను చూచెను. అవి ఐమీరియాలే అని తరువాతి శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కోళ్ళు, టర్కీలు మొదలగు పక్షులలో ఈ జీవుల తీరును అమెరికా శాస్త్రజ్ఞుడు టైజర్ 1929లో వివరముగా ప్రకటించెను.

జబ్బుపడిన పిల్ల రెట్టలో ఈ జీవి ఊసిస్టు అను రూపమున బయటికి వచ్చును. ఊసిస్టు అనగా గట్టి పెంకుగల చిన్న తిత్తి. మిల్లీమీటరును ఏబది భాగములు చేసినచో అందొక భాగమంత పొడవుండును. అప్పుడే బయటపడిన ఊసిస్టు ఎవరికిని హాని చేయలేదు. దానికి గాలిలోని ఆక్సిజన్, తగినంత తేమ, తగినంత వేడి లభింపవలెను. ఈ మూడును దొరకినచో ఒకటి రెండు దినములలో లోపలి పదార్థము విభజన చెంది, నాలుగు చిన్న సంచులు, ఒక్కొక్క సంచిలో రెండేసి చొప్పున మొత్తము ఎనిమిది జీవులు తయారగును. ఇట్లు పక్వమైన ఊసిస్టే జబ్బును అంటించును.

పిల్ల దాణాతోనో నీటితోనో దీనిని మ్రింగినప్పుడు కందనకాయ దాని పెంకును నలుగగొట్టును. పైత్యరసము, జీర్ణరసములు లోపలి జీవులను విడిపించును. అవి ప్రేగు గోడలోని కణములలో దూరి, అక్కడ పలుమార్లు విభజన చెంది, ఆ కణములను పగులగొట్టి ప్రక్క కణములలో ప్రవేశించును. తుదకు మరల ఊసిస్టులు ఏర్పడి, మ్రింగిన నాలుగు మొదలు ఏడు దినములకు రెట్టలో వెలువడును. ఒక్క ఊసిస్టునుండి వేలకొలది ఊసిస్టులు పుట్టును. కనుక నేలపై రెట్ట ఎంతకాలము తడిగా నిలిచియుండునో, అంతగా జబ్బు పెరుగును.

రక్తము కనబడనంత మాత్రమున

మామూలు కోళ్ళలో ఈ జబ్బును మనవారు రక్తపారుడు అందురు. కోడిపిల్లలలో రెట్టతో రక్తము పడుట చూచి పెట్టిన పేరది. టర్కీపిల్లల విషయమున ఈ పేరు మోసము చేయును. వానిలో రక్తము కనబడుట అరుదు. రెట్ట నీళ్ళవలె ఉండి, జిగురు కలిసియుండును. ఒక్కొక్కప్పుడు తెల్లని ముద్దలు పడును. పిల్లలు రెక్కలు వ్రేలాడవేసి, ఈకలు నిక్కించుకొని, ఒకదానినొకటి ఒరసికొని ఒక మూల చేరును. మేత మానివేయును గాని నీరు త్రాగుచుండును. ఈ జబ్బు టర్కీపిల్లలకు ఎక్కువగా ఎనిమిది వారముల లోపు వయస్సున వచ్చును. రక్తము లేదు గదా అని కాలము గడపినవారు మందను పోగొట్టుకొందురు.

ఐమీరియాలు సాధారణముగా ఏ జాతి పక్షివి ఆ జాతికే పరిమితమై యుండును. నాటుకోడిలోని ఐమీరియా టర్కీకి అంటదు. గినీకోడికి వేరే జాతులున్నవి. కొలదిగా సోకి కోలుకొన్న పిల్లకు ఆ జాతి ఐమీరియాను తట్టుకొను శక్తి వచ్చును. పెద్ద పక్షులు జబ్బుపడకుండుటకు ఇది కారణము. అవి జబ్బుపడకపోయినను ఊసిస్టులను విసర్జించుచుండును. అందుచే పెద్దవానితో పిల్లలను కలిపి యుంచరాదు.

మందు, దాని హద్దు

కాక్సిడియోసిస్‌కు మొదట విరివిగా వాడిన మందులు సల్ఫా జాతివి. సల్ఫాక్వినాక్సలిన్ 1948లో వాడుకలోనికి వచ్చినది. మోతాదు మించినను, ఎక్కువ దినములు వాడినను ఇది పక్షికే హాని చేయును. 1960 ప్రాంతమున వచ్చిన ఆంప్రోలియమ్ అంతకంటె నిరపాయమైనది. దీని నిర్మాణము బి-1 విటమినును పోలియుండును. పరాన్నభుక్కు దీనిని విటమిను అని భ్రమపడి గ్రహించి, అసలు విటమిను అందక వృద్ధి చెందలేకపోవును. కావున ఈ మందు వాడు దినములలో బి-1 విటమిను కలిసిన టానిక్కులు ఇచ్చినచో మందు పని చెడును.

జబ్బుపిల్ల మేత మానినను నీరు త్రాగును గనుక మందును నీటిలోనే కలుపుదురు. నీటిలో ఆంప్రోలియమ్ నూటికి 0.012 మొదలు 0.024 పాళ్ళు ఉండునట్లు 3 మొదలు 5 దినములు, తరువాత 0.006 పాళ్ళు ఒకటి రెండు వారములు ఇచ్చుట వాడుక. దుకాణములలో దొరకు పొడిలో అసలు మందు నూటికి 20 పాళ్ళున్నచో, 0.024 పాళ్ళకు లీటరు నీటికి 1.2 గ్రాముల పొడి కావలెను. ఈ లెక్కను విద్యార్థులు స్వయముగా సరిచూడవచ్చును. టోల్ట్రజురిల్ అను మరియొక మందును పక్షి బరువు కిలోగ్రామునకు 7 మిల్లీగ్రాముల చొప్పున రెండు దినములు ఇత్తురు. ఏది వాడవలెనో, మాంసము తినుటకు ముందు ఎన్ని దినములు ఆగవలెనో పశువైద్యుడు నిర్ణయింపవలెను.

ఇచ్చట రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. బాగుగా జబ్బుపడిన పిల్ల ప్రేగు అప్పటికే చెడియుండును. మందు వలన ఎక్కువ మేలు పొందునది ఇంకను ఆరోగ్యముగా కనబడు పిల్లయే. అందుచే మందలో ఒకటి రెండు పిల్లలు మందగించిన వెంటనే మంద మొత్తమునకు మందు ఇయ్యవలెను. రెండవది: ఈ మందులు పిల్ల కడుపులో పనిచేయునే గాని, నేలమీది ఊసిస్టును చంపలేవు. ఫినాయిలు వంటి సాధారణ క్రిమిసంహారకములును దాని పెంకును ఛేదింపజాలవు. ఎండుదనము, తీవ్రమైన వేడి దానికి శత్రువులు.

నల్లతల జబ్బు

టర్కీలకు ఇంకను ప్రమాదకరమైనది నల్లతల జబ్బు. 1895లో థియోబాల్డ్ స్మిత్ దీనికి కారణమైన ఏకకణజీవిని వర్ణించెను. నేడు దానిని హిస్టొమోనాస్ అందురు. గంధకము వంటి పసుపు రంగు రెట్ట దీని గుర్తు. తల నల్లబడుట అన్ని పక్షులలోను కనబడదు. చనిపోయిన పక్షిని కోసి చూచినచో కాలేయముపై గుండ్రని మచ్చలు, అంధనాళములలో గట్టిపడిన ముద్దలు కానవచ్చును. సోకిన టర్కీమందలో అధికభాగము చనిపోవుట కద్దు. గినీకోళ్ళకు కూడ ఇది సోకును.

ఈ జీవి బయట ఒంటరిగా ఎక్కువ కాలము బ్రతుకజాలదు. కోళ్ళ అంధనాళములలో నివసించు హెటరాకిస్ అను సన్నని నట్ట గ్రుడ్డులో దాగి వ్యాపించునని 1920లో గ్రేబిల్, స్మిత్ నిరూపించిరి. ఈ గ్రుడ్లు మట్టిలో సంవత్సరముల తరబడి చెడక నిలుచును. వానపాములు వానిని మ్రింగి తమలో ఉంచుకొనును. వాన కురిసి వానపాములు పైకి వచ్చినప్పుడు టర్కీపిల్లలు వానిని ఏరుకొని తినును. నాటుకోడికి ఈ జబ్బు వలన కలుగు బాధ స్వల్పము. కావున ఆరోగ్యముగా తిరుగు కోళ్ళే అదే పెరటిలోని టర్కీలకు మృత్యుహేతువు లగును. ఐమీరియా ఒక జాతినుండి మరియొక జాతికి సాధారణముగా పోదు. నల్లతల మాత్రము పోవును. రెండు జబ్బులకును గల ముఖ్యమైన భేదమిదే.

నల్లతలకు పూర్వము వాడిన నైట్రోఇమిడజోల్ మందులను ఆహారమునకై పెంచు జంతువులకు ఇచ్చుటను అమెరికా, ఐరోపా దేశములు నిషేధించినవి. నివారణకై అమెరికాలో వాడుచుండిన నైటార్సోన్ అను ఆర్సెనిక్ మందు 2015 చివరను ఉపసంహరింపబడినది. ఇప్పుడు మిగిలిన మార్గము నివారణయే. కోళ్ళు తిరిగిన నేలపై టర్కీపిల్లలను పెంచరాదు. నట్టలకు పశువైద్యుని సలహాపై మందు ఇయ్యవలెను. ఫెన్‌బెండజోల్‌ను టన్ను దాణాకు 16 గ్రాముల చొప్పున 6 దినములు ఇచ్చినచో టర్కీలలోని పెద్ద ఏలికపాములు, హెటరాకిస్ రెండును తొలగును. పైపరజిన్ పెద్ద ఏలికపాములపై మాత్రమే పనిచేయును.

దాణాలో దాగిన విషము

బ్రాయిలర్ కోళ్ళ దాణాలో కాక్సిడియోసిస్ రాకుండ ముందుగానే కొన్ని మందులు కలుపుదురు. వానిలో మొనెన్సిన్ గినీకోళ్ళకు ప్రాణాంతకము. సాలినోమైసిన్ పెద్ద టర్కీలకు విషము. వీనిచే కండరములు చెడి, పక్షులు కాళ్ళపై నిలువలేక కూలిపోవును. చూచువారు దానిని వేరొక జబ్బని భ్రమపడుదురు. కోళ్ళ దాణా బస్తా కొనుటకు ముందు దానిపై వ్రాసిన మందుల పేర్లు చదువుట, వ్రాయనిచో అడిగి తెలిసికొనుట అవసరము.

పాఠశాలలో ఒక పరీక్ష

ఊసిస్టులను ఉన్నత పాఠశాల సూక్ష్మదర్శినితో చూడవచ్చును. వేడినీటిలో ఉప్పు ఇక కరుగనంతవరకు కలిపి చల్లార్చవలెను. వేరుసెనగ గింజంత తాజా రెట్టను ఈ ద్రావణములో బాగుగా కలిపి, టీ వడపోతతో వడగట్టి, చిన్న సీసాలో అంచువరకు పోసి, పైన గాజుపలక మూయవలెను. ఉప్పునీటి సాంద్రత ఎక్కువ గనుక తేలికయైన ఊసిస్టులు పైకి తేలి పలకకు అంటుకొనును. ఇరువది నిమిషముల తరువాత పలకను తీసి చూచినచో అండాకారపు తిత్తులు కనబడును. పక్షుల ఐమీరియాలు మానవునికి సోకవు. అయినను రెట్టలో సాల్మొనెల్లా వంటి బాక్టీరియా ఉండవచ్చును గనుక చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. వాడిన వడపోతను మరల వంటింటికి చేర్చరాదు. కొన్ని ఊసిస్టులు ఆరోగ్యవంతమైన పక్షిలోను కనబడును. జబ్బును నిర్ధారించుటకు చనిపోయిన పిల్లను పశువైద్యునిచే కోయించి చూపవలెను. గుణదలకు సమీపమునగల గన్నవరములో 1998లో స్థాపింపబడిన ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల కలదు.

ఊక పరుపు

డెల్టాలో బియ్యపు మిల్లుల వలన వరి ఊకకు కొరత లేదు. పిల్లల క్రింద ఐదు మొదలు ఏడు సెంటీమీటర్ల మందమున పొడి ఊక పరచి, ప్రతిదినము తిరుగవేయవలెను. తడిసి గడ్డకట్టిన ఊకను ఆనాడే తీసివేయవలెను. ఊసిస్టు పక్వమగుటకు ఒకటి రెండు దినములు పట్టునని పైన చెప్పిన దానికి ప్రయోజనమిదే. నీటితొట్టి చుట్టును ఊక తడియును గనుక దానిని తీగవలపై ఉంచవలెను. వల క్రింద పడిన తడి రెట్ట పిల్లల ముక్కునకు అందదు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలోని పలు పేటలు దినముల తరబడి నీట మునిగినవి. అట్టి వరద తరువాత పాత ఊకనంతటిని తొలగించి, నేలను ఎండబెట్టి, క్రొత్త ఊక పరచిన పిమ్మటనే పిల్లలను దింపవలెను. వానకాలము ప్రవేశింపకముందే ఇంటి కప్పు కారకుండ చూచుకొని, పొడి ఊకను నిలువ చేసికొన్నచో ఆంప్రోలియమ్ పొట్లముతో పని తగ్గును.