పుట్టగొడుగు కొనేముందు

పుదుచ్చేరి కదిర్కామంలో కాపురముంటున్న తెలుగువాళ్లకు పుట్టగొడుగుల కూర తినాలనిపిస్తే పెద్ద కష్టం లేదు. తెల్ల బటన్ రకం దుకాణంలో డబ్బాల్లో దొరుకుతుంది. అది చలికి పెరిగేది. మన వేడికి సరిపడేది పాల పుట్టగొడుగు. 30, 35 డిగ్రీల ఎండల్లోనూ షెడ్డులో చక్కగా కాస్తుంది. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం దీన్ని ఎ.పి.కె.-2 అనే రకంగా రైతులకు అందించింది. ఇలా పెంచినవాటిని తాజాగా ఉన్నాయో లేదో చూసుకుని కొంటే చాలు.

అయితే యానాం నుంచో, సీమ నుంచో వచ్చినవాళ్ల నాలుక అడిగేది ఇది కాదు. వానలకు పుట్టల మీద లేచే పుట్టకొక్కులు కావాలి. చెదపురుగులు నమిలిన ఆకులతో, పుల్లలతో పుట్ట లోపల గూళ్లు కట్టి, వాటి మీద ఒక బూజును పెంచుకుంటాయి. అదే మట్టిని చీల్చుకుని పుట్టకొక్కుగా పైకొస్తుంది. 1942లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజే హైమ్ ఈ జాతికి టెర్మిటోమైసెస్ అని పేరు పెట్టారు. 1979లో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కె. నటరాజన్ మన ప్రాంతపు రకాన్నొకదాన్ని వర్ణించి దానికి హైమ్ పేరే ఇచ్చారు. చెదలు లేకుండా దీన్ని పంటగా పండించడం ఇంతవరకు ఎవరికీ చేతకాలేదు. అందుకే మార్కెట్‌కి వచ్చే ప్రతి పుట్టకొక్కూ ఎవరో ఒకరు ఏరుకొచ్చిందే. దాని మీద ముద్ర ఉండదు, తేదీ ఉండదు. ఏరినవాళ్ల కన్నే మనకు హామీ.

ఆ కన్ను గొప్పదే. అరకు, పాడేరు సంతల్లో గిరిజన స్త్రీలు తెచ్చే పుట్టగొడుగుల వెనక తరాల అనుభవం ఉంది. వాళ్ల దగ్గర బేరమాడి ధర తగ్గించడం నాకు న్యాయమనిపించదు. ఎవరో, ఎక్కడ ఏరారో చెప్పలేని మనిషి దగ్గర మాత్రం ఎంత చవకైనా కొనకండి. కొనేటప్పుడు వేరుతో సహా ఉన్నవే అడగండి. పుట్టకొక్కు కాడ కిందికి సన్నబడుతూ పొడుగ్గా పుట్ట లోపలిదాకా పోతుంది. గొడుగు నడిమధ్య మొనదేలి ఉంటుంది. కాడలు తుంచి, కడిగి, నాలుగు రకాలు కలిపి పోసిన రాశిలో ఈ గుర్తులేవీ మిగలవు. అమ్మేవాళ్లకూ నా మనవి ఇదే: ఏ రకానికి ఆ రకం విడిగా పెట్టండి, తెలియనిదాన్ని బుట్టలో వేయకండి. రోడ్ల పక్కన, మురుగు దగ్గర, మందు కొట్టిన చేలలో ఏరకండి. నేలలోని సీసం, కాడ్మియం లాంటి లోహాలను పుట్టగొడుగు పీల్చుకుంటుంది. ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ సంచిలో మగ్గబెట్టకుండా ఆ పూటే బాగా ఉడికించి తినాలి.

వాన పడ్డాక పచ్చికలో తెల్లటి పెద్ద గొడుగులు గోధుమ రంగు పొలుసులతో కనిపిస్తాయి. చూడటానికి ముచ్చటగానే ఉంటాయి. వాటిలో క్లోరోఫిల్లమ్ అనే విషపు రకం ఉంది. గొడుగును కాగితం మీద బోర్లించి రాత్రంతా ఉంచితే దాని పొడి ఆకుపచ్చగా రాలుతుంది. పుట్టకొక్కు పొడి లేత గులాబీ రంగు. అయితే ఈ ఒక్క పరీక్షను నమ్ముకుని ఏదీ తినకూడదు. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదని, పురుగు తిన్నది మనిషికి పడుతుందని, చింతపండు వేస్తే విషం విరుగుతుందని చెప్పే మాటల్లో ఒక్కటీ నిజం కాదు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవాళ్లు.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ముఖ్యంగా చెప్పవలసింది ఒకటుంది. ఇక్కడ నేర్చిన గుర్తులు అక్కడి నేలకు పనికిరావు. మన వైపు తినే వరిగడ్డి పుట్టగొడుగు మొగ్గకూ, ఓక్ చెట్ల కింద మొలిచే అమనిటా ఫల్లాయిడిస్ మొగ్గకూ తేడా కనిపెట్టడం కష్టం. ఈ రెండోది ఒక్కటి తిన్నా మనిషి చనిపోవచ్చు. 2011 డిసెంబరు 31 రాత్రి కాన్‌బెరాలో దీన్ని తిన్నవాళ్లలో ఇద్దరు చనిపోయారు. 2016 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో 14 మందికి ఈ విషమెక్కింది, ముగ్గురికి కాలేయం మార్చారు. వాళ్లలో ఒక కుటుంబం ముక్కూమొహం తెలియని మనిషి ఇచ్చినవి వండుకుంది. ఉడికించినా, ఎండబెట్టినా ఆ విషం పోదు. తిన్న 6 నుంచి 24 గంటలకు గానీ వాంతులు, విరేచనాలు మొదలుకావు. తర్వాత ఒకటి రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది. ఆ సమయంలోనే కాలేయం చెడిపోతూ ఉంటుంది. తగ్గిందని ఇంట్లో ఉండిపోవడమే ప్రాణం తీస్తుంది.

అడవి పుట్టగొడుగు వండిన రోజు పచ్చిది ఒకటి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. అవసరమైతే డాక్టరుకు అదే ఆధారం. కదిర్కామంలోనే ఇందిరాగాంధీ ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, గోరిమేడులో జిప్మర్ ఆసుపత్రి ఉంది. విషాల గురించి భారతదేశంలో ఢిల్లీ ఎయిమ్స్ కేంద్రానికి 1800 116 117, అమెరికాలో 1-800-222-1222, ఆస్ట్రేలియాలో 13 11 26 నంబర్లకు ఫోన్ చేయవచ్చు. అనుమానం వస్తే వాంతులు మొదలయ్యేదాకా ఆగకండి, వెంటనే బయలుదేరండి.