కుళ్ళిన కొయ్యపై గిన్నె శిలీంధ్రం: గుర్తించే విధానం

నెల్లూరు జిల్లా పడమటి మెట్టప్రాంతంలో వేసవికి ఎండిపోయిన మొద్దులు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవన వర్షాలకు బాగా నానుతాయి. ఆ రోజుల్లో ఉదయగిరి కొండ దిగువనో, ఆత్మకూరు పరిసరాల తోటల్లోనో కుళ్ళిన కొయ్యను తిరగేసి చూడండి. కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గిన్నెలు కనిపించవచ్చు. అయితే గిన్నె ఆకారం ఉన్నవన్నీ ఒకే వర్గానికి చెందవని గుర్తుంచుకోండి.

క్షేత్రంలో పరిశీలన: ముందు గిన్నె లోపల చూడండి. నువ్వుగింజలంత చదునైన బిళ్ళలు ఉంటే అది పక్షిగూడు శిలీంధ్రం (సయాథస్). వానచినుకు తాకిడికి ఆ బిళ్ళలు ఎగిరి దూరంగా పడతాయి. లేత దశలో గిన్నె నోటిని పలుచని పొర మూసి ఉంచుతుంది కాబట్టి పొరబడకండి. ఫలనాంగం చెవి ఆకారంలో, రబ్బరులా సాగుతూ ఉంటే ఆరిక్యులేరియా కావచ్చు. ఈ రెండూ బెసిడియోమైసీట్స్. లోపలి తలం బిళ్ళలు లేకుండా నునుపుగా ఉంటే అది ఆస్కోమైసీట్స్‌కు చెందిన అపోథీషియం కావచ్చు.

కొయ్యముక్కతో సహా సేకరించి కాగితపు కవరులో ఉంచండి. రంగు, వెడల్పు, కాడ, అంచున రోమాలు, చెట్టు పేరు అక్కడే రాసుకోండి. ఎండితే రంగు, ఆకారం మారిపోతాయి.

సూక్ష్మదర్శినితో పరిశీలన: బ్లేడుతో గిన్నెను నిలువుగా, పలుచగా కోసి నీటిచుక్కలో ఉంచి చూడండి. పొడవైన సంచుల వంటి ఆస్కస్‌లు, ఒక్కొక్క దానిలో సాధారణంగా 8 ఆస్కోస్పోర్లు, వాటి మధ్య వంధ్య తంతువులు కనిపిస్తే వర్గం నిర్ధారణ అయినట్లే. సిద్ధబీజాలు కణం వెలుపల ఏర్పడితే అది బెసిడియోమైసీట్స్. తరవాత ఆస్కస్ కొనను పరిశీలించండి. మూతతో తెరుచుకుంటే పెజిజేలిస్ క్రమానికి చెందుతుంది. కొన్ని ప్రజాతుల్లో అయోడిన్ ద్రావణం తగిలితే కొన నీలంగా మారుతుంది.

పేరు రాయడం: రంగుల బొమ్మతో పోల్చి జాతి పేరు రాయకండి. మీ రికార్డును నమ్మి, ఆ జాతి ఉదయగిరిలో ఉందని రేపు మరొకరు రాస్తారు; ఒక తప్పు అలా స్థిరపడిపోతుంది. ఆధారం ఎంతవరకు ఉంటే అంతవరకే రాయండి. నమూనాను రుచి చూడకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ నమూనాలో ఆస్కస్‌లు స్పష్టంగా కనిపించాయి, కాని కొనకు మూత ఉందో లేదో తెలియలేదు. లేబుల్‌పై ఏ స్థాయి వరకు పేరు రాస్తారు? ఎందుకు?